గీకిన పాత రంగు, కుదురు లేని పిల్లవాడు

ప్రశ్న: మా అబ్బాయికి ఏడున్నరేళ్లు. బడిలో చేరిన ఏడాది నుంచీ ఒకటే ఫిర్యాదు: కుదురుగా కూర్చోడు, మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తాడు, పిలిచినా వినిపించుకోడు, పక్కవాళ్ల పని కూడా చెడగొడతాడు. మేం చాలా పాత ఇల్లు కొనుక్కున్నాం. వాడికి పద్నాలుగు నెలలప్పుడు ఆ ఇంటి తలుపులకూ కిటికీలకూ ఉన్న పాత రంగును యంత్రంతో పొడిగా గీకించాం. ఆ రెండు వారాలూ అదే ఇంట్లో ఉన్నాం. పాత రంగుల్లో సీసం ఉంటుందనీ, అది పిల్లల ఏకాగ్రతను దెబ్బతీస్తుందనీ ఈమధ్య చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఒకచోట వెంట్రుకల పరీక్ష చేయిస్తే సీసం, పాదరసం, అల్యూమినియం మూడూ ఎక్కువగా ఉన్నాయన్నారు. వాటిని తీసేయడానికి చిలేషన్ కోర్సు చేయించమంటున్నారు. మావారేమో తానూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాణ్ణనీ, వాడు కూడా పెద్దయితే సర్దుకుంటాడనీ అంటున్నారు. మాకు పదహారు నెలల పాప కూడా ఉంది. వాడు ఇలా కావడానికి మేం చేసిన తప్పే కారణమా? ఆ కోర్సు చేయించమంటారా?

సమాధానం: మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. మిగిలినవాటి గురించి నిదానంగా ఆలోచించవచ్చు గానీ, ఈ విషయంలో తొందరపడితే పిల్లవాడి ప్రాణం మీదికి రావచ్చు. ఆ కోర్సు చేయించకండి. చిలేషన్ అనేది నిజమైన వైద్యమే. రక్తంలో సీసం బాగా ఎక్కువగా ఉన్నట్టు తేలిన పిల్లలకు, మూత్రపిండాల పనితీరునూ రక్తంలోని లవణాలనూ గమనించుకుంటూ, అనుభవమున్న వైద్యులు ఇచ్చే మందులవి. అవి లోహాన్ని పట్టుకొని మూత్రంలో బయటికి పంపుతాయి. అయితే సీసాన్ని మాత్రమే ఎంచి పట్టుకునే నేర్పు వాటికి లేదు. శరీరానికి కావలసిన ఖనిజాలను కూడా వెంట తీసుకుపోతాయి. 2005లో అమెరికాలో ఆటిజానికి చికిత్స పేరుతో ఈ తరగతికి చెందిన మందు ఎక్కించినప్పుడు, రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి ఐదేళ్ల బాలుడు చనిపోయాడు.

ఇక ఆ కోర్సుకు ఆధారంగా చూపుతున్న వెంట్రుకల పరీక్ష సంగతి. వెంట్రుక లోపలి నుంచి వచ్చిన లోహాన్నీ, బయటి దుమ్ము నుంచి, నీటి నుంచి, షాంపూ నుంచి అంటుకున్న లోహాన్నీ వేరుచేసి చెప్పలేదు. నమూనాను కడిగే పద్ధతి మారితే అంకె మారుతుంది. ఒకే వెంట్రుకను రెండు ప్రయోగశాలలకు పంపితే రెండు రకాల ఫలితాలు రావడం కొత్త సంగతి కాదు. చేపల ద్వారా ఒంట్లో చేరే మిథైల్ పాదరసాన్ని అంచనా వేయడానికి పరిశోధకులు వెంట్రుకలను వాడే మాట నిజమే గానీ, సీసానికి మాత్రం అంగీకారం ఉన్న పరీక్ష ఒక్కటే, అది రక్తపరీక్ష. బహుశా మీకు మరో పరీక్ష కూడా చెబుతారు: ముందు ఒక మందు మింగించి, ఆ తరువాత మూత్రంలో లోహాలు కొలవడం. ఒంట్లోని లోహాన్ని మూత్రంలోకి లాగడమే ఆ మందు పని కాబట్టి, ఆ పరీక్ష ఎవరికి చేసినా అంకె పెరిగే వస్తుంది. దాన్ని మందు తీసుకోనివారి సాధారణ స్థాయితో పోల్చి చూపించడం లెక్కల్లో మాయ తప్ప మరేమీ కాదు.

అంతమాత్రాన మీ అనుమానం అర్థం లేనిదని కాదు. పిల్లల ప్రవర్తన మీద ప్రభావం చూపే పర్యావరణ కాలుష్యాలలో సీసానికి ఉన్నంత బలమైన సాక్ష్యం మరి దేనికీ లేదు. ఆ సాక్ష్యం పోగుపడిన తీరు తెలిస్తే మీ అబ్బాయి విషయం కూడా కొంత తేటపడుతుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో వైద్యుల నమ్మకం ఏమిటంటే, సీసపు విషం సోకిన పిల్లవాడు మరణించకుండా బయటపడితే ఇక పూర్తిగా కోలుకున్నట్టేనని. 1943లో బోస్టన్‌లో ర్యాండాల్ఫ్ బయర్స్, ఎలిజబెత్ లార్డ్ అనే ఇద్దరు, అలా కోలుకున్నారని ఇంటికి పంపిన ఇరవై మంది పిల్లలను కొన్నేళ్ల తరువాత వెతికి చూశారు. ఆ ఇరవై మందిలో పంతొమ్మిది మంది చదువులో వెనుకబడి ఉన్నారు. చాలామందిలో నిలకడ లేదు, దుడుకుతనం ఉంది. విషం లక్షణాలు పోయినా దాని జాడ మెదడులో మిగిలే ఉంటుందన్న సంగతి అప్పుడు మొదటిసారి స్పష్టంగా కనబడింది.

అయినా అది బాగా జబ్బుపడిన పిల్లల కథ. పైకి ఏ జబ్బూ కనబడని పిల్లల మాటేమిటి? ఈ ప్రశ్నకు హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు 1979లో ప్రచురించిన అధ్యయనం జవాబు చెప్పింది. ఆయన ఎంచుకున్న సాక్ష్యం పిల్లల పాలపళ్లు. రక్తంలోని సీసం ఇటీవలి సంగతి మాత్రమే చెబుతుంది గానీ, పంటిలో చేరిన సీసం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని రెండు పట్టణాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఊడిన పళ్లను తెచ్చి ఇచ్చారు. రెండు వేల మందికి పైగా పిల్లల గురించి, ఆ పళ్ల ఫలితాలేవీ తెలియని ఉపాధ్యాయులు ప్రశ్నపత్రాలు నింపారు. త్వరగా దృష్టి మళ్లుతుందా, పని మధ్యలో వదిలేస్తాడా, ఒక వరుసలో పని చేయలేడా, ముందువెనుకలు చూడకుండా తొందరపడతాడా అన్నవి ఆ ప్రశ్నలు. పంటిలో సీసం పెరిగే కొద్దీ ఉపాధ్యాయులు అవునన్న జవాబులు మెట్టు మెట్టుగా పెరిగాయి. మీ ఉత్తరంలో బడివాళ్లు చెప్పినట్టుగా రాసిన మాటలు ఈ ప్రశ్నలకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే మీ భయం నాకు అర్థమవుతుంది. నీడిల్‌మన్ పరిశోధన మీద సీసపు పరిశ్రమ తరఫువారు ఏళ్ల తరబడి ఆరోపణలు చేశారు, విచారణలు జరిగాయి, ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ తరువాత వేర్వేరు దేశాలలో జరిగిన అధ్యయనాలు ఆయన చూసిన దిశనే చూపించాయి.

పద్నాలుగు నెలల వయసు ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. పెద్దవాళ్లు మింగిన సీసంలో సుమారు పది శాతం రక్తంలోకి చేరితే, చిన్నపిల్లలలో అది సగం దాకా ఉండవచ్చు. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇంకా పెరుగుతుంది. ఆ వయసులో పిల్లలు నేలమీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు, కిటికీ అంచులను కొరుకుతారు. పొడిగా గీకినప్పుడు లేచే దుమ్ము కంటికి కనబడనంత సన్నగా ఉండి నేలమీదా ఆటవస్తువుల మీదా పరుచుకుంటుంది. ఒంట్లోకి వెళ్లిన సీసాన్ని శరీరం కాల్షియంగా పొరబడుతుంది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికి కాల్షియమే ఆధారం కాబట్టి, ఏ కణబంధాలు నిలవాలి, ఏవి తొలగిపోవాలి అని మెదడు తేల్చుకుంటున్న నెలల్లోనే ఆ సంకేతాలు తప్పుదారి పడతాయి. తొందరను అదుపు చేసుకోవడం, ఒక పని మీద మనసు నిలపడం నుదుటి వెనుక ఉండే మెదడు భాగం పనులు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన వారి మెదడును పెద్దయ్యాక స్కాన్ తీసి చూస్తే, చిన్ననాట రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నవారిలో ముఖ్యంగా ఆ భాగంలోనే పరిమాణం తగ్గి కనబడింది. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

అయితే మీ అబ్బాయి అల్లరికి ఆ రెండు వారాల దుమ్మే కారణమా? ఈ ప్రశ్నకు అవుననీ కాదనీ చెప్పగల పరీక్ష ఇప్పుడు లేదు. అదెందుకో వివరిస్తాను, ఎందుకంటే జవాబు దొరకని ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతూనే తల్లిదండ్రులు విలువైన ఏళ్లు పోగొట్టుకోవడం మామూలుగా జరుగుతుంది. ఏడు అధ్యయనాలలోని 1,333 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి 2005లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, డెసీలీటరు రక్తంలో, అంటే వంద మిల్లీలీటర్లలో, సీసం 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగితే తెలివితేటల కొలతలో సగటున 3.9 పాయింట్లు తగ్గుతాయి. 10 నుంచి 20కి పెరిగితే తగ్గేది మరో 1.9 పాయింట్లు. అంటే తక్కువ స్థాయిలోనే ఒక్కో మైక్రోగ్రాముకు జరిగే నష్టం ఎక్కువ, సురక్షితం అనదగిన గీత ఏదీ లేదు. ఒక దేశపు పిల్లలందరినీ కలిపి చూస్తే ఇది చాలా పెద్ద నష్టం. కానీ ఒక్క పిల్లవాణ్ణి తీసుకుంటే, అతనికీ పక్కింటి పిల్లవాడికీ సహజంగానే ఉండే తేడా ఇంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. అందువల్ల ఫలానా పిల్లవాడిలో ఇంత భాగం సీసం పని అని వేరుచేసి చూపించలేం.

ఇక్కడే మీవారి మాటను తేలిగ్గా తీసేయకూడదు. వైద్యులు ఏడీహెచ్‌డీ అని పిలిచే ఏకాగ్రతాలోపం, అతిచురుకుదనం వంశంలో బలంగా దిగే సమస్య. కవలల మీద జరిగిన అధ్యయనాలు పిల్లల మధ్య కనబడే తేడాలలో సుమారు 70 నుంచి 80 శాతం జన్యువులకు ముడిపడి ఉన్నాయని చెబుతున్నాయి. తాను చిన్నప్పుడు ఇలాగే ఉండేవాణ్ణని ఆయన చెప్పడం రోగచరిత్రలో రాసుకోవలసిన ముఖ్యమైన వివరం. అయితే ఆ వివరం నుంచి ఆయన తీసిన ముగింపుతో నేను ఏకీభవించను. వంశంలో ఉంది గనుక దానంతటదే పోతుందనడానికి ఆధారం లేదు. చాలామందిలో పరుగులు, గెంతులు వయసుతో తగ్గుతాయి గానీ మనసు నిలవకపోవడం పెద్దయ్యాక కూడా మిగులుతుంది. వంశపారంపర్యం అన్నంత మాత్రాన పర్యావరణం పాత్ర లేదని కూడా కాదు. జన్యువుల వల్ల ముందే కొంత ఒరిగి ఉన్న పిల్లవాణ్ణి సీసం మరికాస్త తోయవచ్చు. మీరిద్దరూ చెప్పింది ఏకకాలంలో నిజమయ్యే అవకాశం ఉంది కాబట్టి ఇంట్లో ఈ వాదన ఆపేయవచ్చు.

ఇప్పుడు చేయించవలసింది చేతి సిర నుంచి తీసిన రక్తంలో సీసం పరీక్ష. వేలు గుచ్చి చేసే పరీక్ష అయితే చర్మం మీది దుమ్ము కలిసి అంకె తప్పుగా పెరగవచ్చు; అందులో ఎక్కువ వస్తే సిర రక్తంతో నిర్ధారించుకోవాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆరా తీయవలసిన స్థాయిని 1991లో డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములుగా పెట్టి, 2012లో 5కు, 2021లో 3.5కు తగ్గించింది. 1960లలో ఇదే గీత 60 దగ్గర ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం 5 గానీ అంతకు మించి గానీ ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. 3.5 దాటితే విషమనీ, దాటకపోతే క్షేమమనీ దీని అర్థం కాదు. తోటి పిల్లలలో అత్యధికులకంటే మీ పిల్లవాడి రక్తంలో సీసం ఎక్కువుందని మాత్రమే ఆ అంకె చెబుతుంది.

ఫలితం చూసేటప్పుడు ఒక సంగతి మరచిపోకండి. రక్తంలో చేరిన సీసం సుమారు నెలకు సగమవుతూ పోతుంది. కొంత ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండి, కొద్దికొద్దిగా మళ్లీ రక్తంలోకి వస్తుంది. అందువల్ల మీ అబ్బాయి ఫలితం ఈ రోజు తక్కువగా వస్తే, ఆరేళ్ల కిందట ఏమీ జరగలేదని రుజువైనట్టు కాదు. ఇప్పుడు కొత్తగా సీసం ఒంట్లోకి వెళ్లడం లేదని మాత్రం తెలుస్తుంది. ఎక్కువగా వస్తే, పాత దుమ్ము కంటే ఈనాటి మూలం ఏదో ఇంట్లో ఉందని ముందుగా అనుమానించాలి. ఊడుతున్న పాత రంగు, సీసపు గొట్టాల నీరు, సీసం కలిసిన గ్లేజు పూసిన పాత్రలు, బ్యాటరీల పనో సోల్డరింగో చేసే పెద్దవాళ్ల బట్టలకు అంటుకొని ఇంటికి వచ్చే దుమ్ము, ఇలా వెతకవలసిన చోట్లు చాలానే ఉన్నాయి.

చిలేషన్ అవసరం గురించి కూడా గట్టి సాక్ష్యమే ఉంది. రక్తంలో సీసం 45 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్న పిల్లలకు దాన్ని సిఫారసు చేస్తారు. అంతకంటే తక్కువ ఉన్నవారికి కూడా ఇస్తే మెదడుకు మేలు జరుగుతుందేమోనని అమెరికాలో 780 మంది చిన్నపిల్లల మీద పరీక్షించి చూశారు. వారి స్థాయి 20 నుంచి 44 మధ్య ఉండేది. మందు తీసుకున్నవారి రక్తంలో సీసం తగ్గింది. కానీ 2001లో వెలువడిన ఫలితాలలో వారి తెలివితేటలు, ప్రవర్తన, ఏకాగ్రత ఏవీ మందు తీసుకోనివారి కంటే మెరుగుపడలేదు. ఏడేళ్ల వయసులో మళ్లీ చూసినా అంతే. రక్తాన్ని శుభ్రం చేయగలిగారు గానీ జరిగిపోయిన దానిని వెనక్కి తిప్పలేకపోయారు. ఈ ఒక్క పరిశోధన గురించి తెలిసినవారెవరూ ఆరేళ్ల కిందటి దుమ్ముకు ఈ రోజు చిలేషన్ చేస్తామని చెప్పరు.

మీ పరీక్ష కాగితంలోని మిగతా పేర్ల గురించి, మీరు చదివి ఉండగల మరికొన్నిటి గురించి క్లుప్తంగా. మిథైల్ పాదరసం మెదడుకు ఎంత హాని చేయగలదో జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన విషాదం చూపించింది. అయితే అక్కడి మోతాదులు వేరు, ఎక్కువ దెబ్బ తగిలింది గర్భంలోని శిశువులకు. మామూలు కుటుంబాలకు దాని నుంచి వచ్చే సలహా పెద్ద వేటచేపలను తగ్గించి చిన్న చేపలు తినడం, అంతే. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుకు గర్భంలో ఎక్కువగా గురైన పిల్లలలో మూడేళ్ల వయసుకు ఏకాగ్రత సమస్యలు ఎక్కువగా కనబడ్డాయని న్యూయార్క్‌లో జరిగిన అధ్యయనం 2006లో చెప్పింది. ఇళ్లలో ఆ మందు వాడకాన్ని అమెరికా అప్పటికే ఆపించింది, ఐరోపా సమాఖ్య 2020లో పూర్తిగా నిషేధించింది. ఇంట్లో చల్లే పురుగుమందులను పిల్లలున్న గదుల్లో మానేయడం ఏ విధంగా చూసినా మంచిదే. ప్లాస్టిక్‌లోని కొన్ని రసాయనాల మీద పరిశోధనలు సాగుతున్నాయి. వాటి గురించి వచ్చే పెద్ద అక్షరాల వార్తలకు సీసం మీద ఉన్నంత బలం ఇంకా రాలేదు.

ఆహార రంగుల విషయంలో రెండు వైపులా అతి కనబడుతుంది. 2007లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు మూడేళ్ల పిల్లలకూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకూ కొన్ని కృత్రిమ రంగులూ, ఆహారం నిల్వ ఉండడానికి వాడే సోడియం బెంజోయేటూ కలిపిన పానీయాన్నీ, అదే రుచి గల మామూలు పానీయాన్నీ ఏది ఏదో తెలియకుండా ఇచ్చి చూశారు. రంగుల పానీయం తాగినప్పుడు సగటున అతిచురుకుదనం కొద్దిగా పెరిగింది. అందరు పిల్లలలోనూ కాదు. ఆ ఫలితాల ఆధారంగా ఆరు రంగులు వాడిన పదార్థాల మీద హెచ్చరిక ముద్రించాలని 2010 నుంచి ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. కొన్ని వారాలు ఆ రంగులు మానిపించి, ఆ సంగతి ఉపాధ్యాయులకు చెప్పకుండా తేడా కనబడుతుందేమో అడగవచ్చు, పోయేదేమీ లేదు. దాన్నే చికిత్స అనుకొని మిగతావి వాయిదా వేయకండి. గాలి సంగతికొస్తే, బార్సిలోనాలో 39 బడుల్లో 2,715 మంది పిల్లలను ఏడాది పాటు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వాహనాల పొగ ఎక్కువగా ఉన్న బడుల పిల్లల తాత్కాలిక జ్ఞాపకశక్తి 7.4 శాతం పెరిగితే, గాలి శుభ్రంగా ఉన్న బడుల పిల్లలది 11.5 శాతం పెరిగింది. ఇది ఒక తల్లి ఒంటరిగా మార్చగలిగేది కాదు. అయినా బడి కిటికీలు రద్దీ రోడ్డు వైపు తెరిచి ఉన్నాయా, పెరటి వైపా అని అడగడం తల్లిదండ్రులకు సాధ్యమే.

మీ అబ్బాయికి నిజంగా సాయం చేసేది ఇప్పుడు చెబుతాను. కారణం సీసమైనా, వంశమైనా, రెండూ అయినా ఆ సాయంలో తేడా ఉండదు. ముందుగా పిల్లల వైద్యుడో, పిల్లల మనస్తత్వ నిపుణుడో నింపాదిగా పరిశీలించాలి. ఏడీహెచ్‌డీ అని నిర్ధారించడానికి లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలు నిలిచి, ఇంట్లోనూ బడిలోనూ అంటే కనీసం రెండు చోట్ల కనబడాలి. మీ ఉత్తరంలో బడి ఫిర్యాదులే ఉన్నాయి, ఇంట్లో ఎలా ఉంటాడో మీరు రాయలేదు. బడిలో మాత్రమే ఉంటే చదవడంలో ఇబ్బంది ఉందేమో చూడాలి. అక్షరాలు పట్టుబడని పిల్లవాడు కుదురుగా కూర్చోలేడు. వినికిడి, చూపు పరీక్షించాలి, ఎందుకంటే పిలిచినా పలకకపోవడం ఒక్కోసారి వినబడకపోవడమే. రాత్రి గురక పెడతాడా, నోటితో ఊపిరి తీస్తాడా అని గమనించండి. ఈ వయసువాడికి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, టాన్సిల్స్ పెరిగి నిద్ర చెడిన పిల్లలు పగలు అతిచురుకుగా కనబడతారు. రక్తం ఎలాగూ తీస్తారు కాబట్టి అదే సూదితో రక్తహీనత, ఇనుము నిల్వలు కూడా చూడమనండి.

ఏడీహెచ్‌డీ అనే తేలితే, పిల్లవాడితో వ్యవహరించే పద్ధతులలో తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ, తరగతిలో ముందు వరుసలో చోటు, పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి ఇవ్వడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం మొదటి మెట్లు. ఆరేళ్లు దాటిన పిల్లలకు వాటితోపాటు మందులు కూడా వైద్యుడి పర్యవేక్షణలో ఇవ్వవచ్చు. అవి దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే, ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం లాంటి ఇబ్బందులు కనిపెట్టుకొని ఉండవలసినవే. మూలికల పేరుతో, పదార్థాల పేర్లు రాయకుండా అమ్మే జ్ఞాపకశక్తి పొడులు మాత్రం వద్దు. అలాంటి కొన్నిటిలో సీసమే దొరికిన సందర్భాలున్నాయి.

మీ ఉత్తరమంతా అబ్బాయి గురించే ఉంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన పాప. అబ్బాయి ఒంట్లోకి ఆనాడు ఎంత వెళ్లిందో ఇక తెలియదు, వెళ్లినదాన్ని మార్చలేం. పాపకు ఇప్పుడు పదహారు నెలలు. పిల్లల రక్తంలో సీసం సాధారణంగా అత్యధికంగా ఉండే వయసు ఏడాదిన్నర నుంచి మూడేళ్లు. ఆమె పాకుతున్న నేల అదే, ఇల్లు అదే. గీకించింది తలుపులూ కిటికీలే కాబట్టి, గోడల మీదా మెట్ల కమ్మీల మీదా అడుగున పాత పొరలు మిగిలే ఉండవచ్చు. తెరిచి మూసేటప్పుడు ఒరుసుకునే కిటికీ అంచుల దగ్గర ఏమైనా మిగిలి ఉంటే రోజూ కొద్దికొద్దిగా పొడి రాలుతుంది. కాబట్టి రక్తపరీక్ష ఇద్దరికీ ఒకే రోజు చేయించండి. ఇద్దరి అంకెలూ పక్కపక్కన చూస్తే ఇంటి సంగతి కూడా తెలుస్తుంది.

ఫలితాల కోసం ఎదురుచూడకుండా ఈ వారమే చేయదగినవి కొన్ని ఉన్నాయి. పొడి చీపురుతో ఊడ్చితే సన్నని దుమ్ము లేచి మళ్లీ పరుచుకుంటుంది కాబట్టి నేలనూ, కిటికీ గట్లనూ తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డను వంటగదిలో ఉతకకండి. పాప చేతులు తినే ముందూ, నిద్రకు ముందూ కడగండి, ఆటవస్తువులు కూడా కడగండి. రంగు పొరలు లేస్తున్న చోట్ల పాపకు అందకుండా అడ్డు పెట్టండి. గొట్టాలు పాతవైతే పొద్దున్నే కాసేపు నీరు వదిలేసి తరువాత పట్టుకోండి. వంటకు వేడినీటి కుళాయి వాడకండి. మరిగిస్తే సీసం పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరైన కొద్దీ సీసం చిక్కబడుతుంది. పాపకు ఇనుము, కాల్షియం సరిపడా అందుతున్నాయేమో వైద్యుణ్ణి అడగండి. అవి తగ్గినప్పుడే ఒళ్లు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది.

మీ తప్పేనా అని అడిగారు. రంగు డబ్బా మీద ఎవరూ రాయలేదు, గీకిన పనివాడికి ఎవరూ చెప్పలేదు. సీసం కలిపిన పెట్రోలును చిట్టచివరి దేశం మానేసింది 2021లో. అంటే దాని హాని తెలిసిన తరువాత కూడా ప్రభుత్వాలకు దశాబ్దాలు పట్టింది. తెలియక చేసిన పనిని తలచుకొని కుమిలిపోవడంలో న్యాయం లేదు. అయితే ఇప్పుడు మీకు తెలుసు. ఈసారి ఇంటికి రంగు వేయించేటప్పుడు ముందుగా పాత పొర ముక్కను ప్రయోగశాలలో పరీక్షించండి. సీసం ఉందని తేలితే పొడిగా గీకడం, మంటతో కాల్చడం రెండూ చేయనివ్వకండి. ఊడని చోట దాని మీదే కొత్త పొర వేయించడం, ఊడే చోట తడిపి తీయించడం మేలు. ఆ పని జరిగే రోజుల్లోనూ, అయిపోయాక ఇల్లంతా తడిగుడ్డతో రెండుసార్లు తుడిచేదాకానూ పిల్లలిద్దరినీ ఇంకెక్కడైనా ఉంచండి.